జొన్న, రాగి మనవి కావా? దక్కనులో తొలి పంటలు ఏవి, తవ్వకాల్లో ఎలా తేలుస్తారు?

పాతరాయి · 1
చిరుధాన్యాల మీద వాట్సాప్‌లో ఓ పోస్టు తిరుగుతోంది. "జొన్న, సజ్జ, రాగి, కొర్ర అన్నీ పదివేల ఏళ్ల కిందట మన నేలలో పుట్టినవే" అంటున్నారు. ఏ పంట ఎక్కడిదో చెబితే చాలదు, అది ఎలా తేలిందో కూడా ఇక్కడి పెద్దలు చెప్పాలి. పాలమూరు, రాయలసీమ, బళ్లారి మెట్టల్లో మొట్టమొదట సాగైనవి ఏవి?

నల్లరేగడి · 2
ఆ పోస్టులో ఉన్న నాలుగుకు నాలుగూ బయటి నుంచి వచ్చినవే.

జొన్నకి ఇప్పటికి దొరికిన పాత సాక్ష్యం తూర్పు సూడాన్‌ది. కస్సలా దగ్గర కేజీ23 అనే చోట కుండపెంకుల మట్టిలో కలిపిన పొట్టు ముద్రలు దొరికాయి, క్రీ.పూ. 3500–3000 నాటివి. సజ్జది మాలిలోని టిలెమ్సి లోయ, క్రీ.పూ. 2500 ప్రాంతం. రాగిది ఇథియోపియా, ఉగాండా ఎత్తైన భూములు. కొర్ర, వరిగ ఉత్తర చైనావి. ఇవి మన దేశంలో కనబడటం క్రీ.పూ. 2000కి కాస్త అటూ ఇటూగా మొదలవుతుంది. రాగి అయితే దక్షిణాదికి ఇంకా ఆలస్యంగా చేరింది.

మన దేశపువి కావాలంటే సామ, అరిక, ఊద, అండుకొర్ర. పప్పుల్లో ఉలవ, పెసర, మినుము. కంది కూడా మనదే, కానీ దాని అడవి చుట్టం ఒడిశా, బస్తర్ వైపు అడవుల్లో ఉంటుంది. శనగ ఆగ్నేయ టర్కీది.

ఉలవచారు · 3
దక్కను వరకు జవాబు ఇంకా చిన్నది. దక్షిణాది కొత్తరాతి యుగపు ఊళ్లలో పదే పదే కలిసి దొరికేవి నాలుగే. రెండు గడ్డిజాతి గింజలు: అండుకొర్ర ఒకటి, గరుకు ముళ్లతో బట్టలకి అంటుకునే కొర్రజాతి గడ్డి ఇంకొకటి. రెండు పప్పులు: ఉలవ, పెసర. బళ్లారి దగ్గర సంగనకల్లు, కడప జిల్లాలో హనుమంతరావుపేట, పెద్దముడియం, అనంతపురంలో వేల్పుమడుగు, ఎక్కడ మట్టి కడిగినా ఇవే పైకొస్తాయి. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య బృందం 2000 తర్వాతి ఏళ్లలో ఈ జాబితాని గట్టిపరిచింది.

ఈ నాలుగూ వానాకాలం పంటలే అన్నది గమనించండి. చెరువు, కాలువ, మడి ఏమీ అక్కర్లేదు. తొలకరికి చల్లితే చలి ముదిరేలోపు చేతికొస్తాయి. గోధుమ, బార్లీ తర్వాత వచ్చాయి, క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో, అదీ కొన్ని ఊళ్లకే. అవి చలికాలం పంటలు కాబట్టి నీళ్లు పెట్టక తప్పదు.

రెండో గడ్డి సంగతి తమాషాగా ఉంటుంది. ఇవాళ దాన్ని మనం కలుపు కింద పీకి గట్టున పారేస్తున్నాం.

పాతరాయి · 4
బాగుంది. కానీ ఒక ఊళ్లో ఉలవగింజ దొరికిందంటే వాళ్లు పండించారనే ఎందుకు అనుకోవాలి? అడవిలో ఏరుకొచ్చి ఉండొచ్చుగా?

నల్లరేగడి · 5
సరైన ప్రశ్న. "ఇది ఇక్కడే పంటగా మారింది" అనాలంటే మూడు కలవాలి. దాని అడవి పూర్వీకం ఆ చుట్టుపక్కల ఇప్పుడో, అప్పటి వాతావరణంలోనో పెరిగి ఉండాలి. గింజ సరైన పొరలో దొరకాలి, ఆ గింజకే కాలం కట్టి ఉండాలి. గింజ శరీరంలో మనిషి సాగు వల్ల వచ్చిన మార్పు కనబడాలి. మొదటిది ఒక్కటే ఉంటే అది ఊహ. రెండోది మాత్రమే ఉంటే తిన్నారని తెలుస్తుంది, అంతే. మూడోది దొరకడం కష్టం. వాదాలన్నీ అక్కడే.

కంకిగరిక · 6
ఆ మూడోదాని గురించి నేను రాస్తాను.

గడ్డిజాతి మొక్క గింజ పండగానే రాల్చేయాలి, లేకపోతే దాని వంశం నిలవదు. రైతుకి కావలసింది సరిగ్గా ఎదురుది: కోసి, మోసుకొచ్చి, కల్లంలో కొట్టేదాకా కంకిని పట్టుకుని ఉండే గింజ. అడవి బార్లీ కంకి వెన్నులో ప్రతి కణుపు దగ్గరా ఒక పల్చని కణాల పొర ఉంటుంది. పండాక అది ఎండి తెగిపోతుంది. తెగినచోటు భూతద్దం కింద నున్నగా, కత్తితో కోసినట్టు కనబడుతుంది. పంట బార్లీలో ఆ పొర సరిగా ఏర్పడదు. బలంగా కొడితేనే విరుగుతుంది కాబట్టి మచ్చ చిరిగి, పక్క కణుపు ముక్క అంటుకుని ఉంటుంది. తవ్వకంలో మాడిపోయి దొరికిన చిరుకంకి మొదళ్లని ఒక్కొక్కటీ తిప్పి చూసి నున్నవి ఎన్ని, చిరిగినవి ఎన్ని అని లెక్కపెడతారు.

ఇక్కడ ఇద్దరు దొంగలున్నారు. అడవి బార్లీ కంకిలో కూడా అడుగు కణుపులు కొన్ని గట్టిగానే ఉంటాయి. అందుకని సుమారు పది శాతం దాకా చిరిగిన మచ్చలు కనబడినంత మాత్రాన పంట అనలేం. రెండోది, పచ్చిగా ఉండగానే కోసిన అడవి గింజకి కూడా చిరిగిన మచ్చే పడుతుంది, ఎందుకంటే ఆ పొర ఇంకా ఎండలేదు. వరి విషయంలో ఈ తగువు చాలాకాలం నడిచింది.

బార్లీలో ఈ గట్టిదనానికి పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు కారణం. రెంటిలో ఏ ఒక్కటి పాడైనా చాలు, కంకి రాలదు. లక్షణం అంతర్గతమైనది, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ పాడైతేనే బయటపడుతుంది. బార్లీ తన పుప్పొడితో తనే కట్టుకుంటుంది కాబట్టి రెండు మూడు తరాల్లోనే బయటికి వచ్చేస్తుంది.

మెట్టసేద్యం · 7
అలాగైతే ఈ మార్పు పదీ ఇరవై ఏళ్లలో అయిపోవాలి కదండీ? కొడవలితో కోస్తే రాలేవి నేలపాలు, నిలిచేవి ఇంటికి. మరుసటి ఏడు విత్తేది ఇంటికొచ్చినదే.

కంకిగరిక · 8
లెక్క ప్రకారం మీరన్నదే. గోర్డన్ హిల్మన్, స్టువర్ట్ డేవిస్ 1990లో ఆ లెక్కే కట్టారు: పండిన కంకిని కొడవలితో కోస్తూ ఏటా కొత్త నేలలో విత్తితే 20 నుంచి 200 ఏళ్లు చాలు అన్నారు. తవ్వకాలు మాత్రం వేరే చెబుతున్నాయి. పశ్చిమాసియాలో రాలే గోధుమ పోయి రాలని గోధుమ నిండటానికి రెండు మూడు వేల ఏళ్లు పట్టింది. చైనాలో దిగువ యాంగ్ట్సీ దగ్గర తియాన్‌లువోషాన్‌లో రాలని వరి 27 శాతం నుంచి 39 శాతానికి చేరడానికే సుమారు 300 ఏళ్లు గడిచాయి, ఇప్పటికి 6900–6600 ఏళ్ల కిందట.

ఎందుకంటే లెక్కలోని షరతులు కల్లంలో కుదరవు. రాలిపోతుందన్న భయంతో కాస్త పచ్చిగా ఉండగానే కోస్తే రాలేదీ రాలనిదీ రెండూ ఇంటికొస్తాయి, ఎంపికే జరగదు. కంకిని బుట్టలోకి వంచి దులిపితే ఇంకా ఘోరం: రాలేదే ఇంటికొస్తుంది, రాలనిది పొలంలో మిగులుతుంది. అదే నేలలో మళ్లీ విత్తితే నిరుడు రాలిన గింజ తనంతట తానే మొలిచి మీ విత్తనంతో కలుస్తుంది. కరువు ఏడు విత్తనం తినేస్తే మళ్లీ అడవికెళ్లి తెచ్చుకోవాల్సిందే, అంతటితో లెక్క మొదటికొస్తుంది.

ఇంకో సంగతి. అడవి గింజ ఏరుకోవడం అంత నష్టపు బేరమేమీ కాదు. జాక్ హార్లన్ 1966లో ఆగ్నేయ టర్కీలో చెకుముకిరాయి కొడవలితో అడవి ఐన్‌కార్న్ గోధుమ కోసి చూశారు. గంటకి శుభ్రమైన గింజ ఇంచుమించు కిలో వచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు కష్టపడితే ఏడాదికి సరిపోను మిగుల్చుకోవచ్చు అని ఆయన అంచనా. అలాంటప్పుడు దున్ని విత్తే తొందర ఎవరికుంటుంది? గలిలయ సరస్సు ఒడ్డున ఒహాలో 2 దగ్గర 23,000 ఏళ్ల కిందటే అడవి బార్లీ ఏరి రాతి మీద నూరారు. సేద్యం వచ్చింది ఆ తర్వాత పదివేల ఏళ్లు దాటాకే.

ఉలవచారు · 9
పప్పుజాతికి ఇదంతా వర్తించదు, అది విడిగా చెప్పుకోవాలి. కాయ చిట్లడం ఒక సమస్యే గానీ, అసలు గొళ్లెం గింజ నిద్ర. అడవి పప్పుగింజ తొక్క నీళ్లని లోపలికి రానివ్వదు. ఒకే మొక్క గింజలు కొన్ని ఈ ఏడు, కొన్ని మూడేళ్లకి, కొన్ని ఇంకెప్పుడో మొలుస్తాయి. వానలు ఎగ్గొట్టినా వంశం మిగలాలని దాని ఏర్పాటు.

రైతుకి ఇది ఎంత చేటో గిడియన్ లాడిజిన్‌స్కీ 1987లో మసూర్ మీద చూపించారు. అడవి మసూర్ గింజలు వందలో పదే ఆ ఏడు మొలుస్తాయి. ఒక్కో మొక్కకి పదే గింజలు. వంద విత్తితే పది మొక్కలు, పది మొక్కలకి వంద గింజలు. విత్తినంతే తిరిగొచ్చింది, చాకిరీ అదనం! కాబట్టి గింజ నిద్ర లేని మొక్కలు ముందు అడవిలోనే ఏరుకోబడి, ఆ తర్వాతే సాగు మొదలైందని ఆయన వాదం. డానియల్ జోహరీ ఒప్పుకోలేదు. విత్తడమే నిద్రలేని గింజని ఎంచుతుంది, ఎందుకంటే ఆ ఏడు మొలవనిది ఆ ఏడు కోతలో ఉండదు అన్నారు. నాకు జోహరీ మాటే సబబుగా తోస్తుంది.

పాతరాయి · 10
మరి మన ఉలవ సంగతి? నిద్ర లేకుండా పోయిందని మాడిన గింజలో ఎలా తెలుస్తుంది?

ఉలవచారు · 11
తొక్క మందం చూసి. తొక్క పల్చబడితే నీళ్లు లోపలికి వెళ్తాయి, నిద్ర ఉండదు. కానీ మాడిన గింజని కోసి చూస్తే పొడైపోతుంది. 2017లో చార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ ఇద్దరూ మన దేశపు తవ్వకాల్లో దొరికిన ఉలవల్ని ఇంగ్లండులోని డైమండ్ సింక్రోట్రాన్‌కి (చాలా బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం) పట్టుకెళ్లి, గింజ చెక్కుచెదరకుండా ఎక్స్‌రేలతో లోపలి మందం కొలిచారు. క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో మందపు తొక్కా పల్చటి తొక్కా కలిసి కనబడ్డాయి. క్రీస్తు శకం తొలి శతాబ్దాలకి పల్చటిదే స్థిరపడింది. అంటే ఉలవ కూడా వందల ఏళ్ల మీద మెల్లగానే మారింది.

వాళ్లు చూసిన గింజలు పన్నెండే, అది గుర్తుంచుకోవాలి. పప్పుగింజ మాడేటప్పుడు తొక్క ఊడి, బద్దలు రెండుగా విడిపోతాయి. తొక్కతో సహా దొరికిన ఉలవ అపురూపం.

గింజ లావెక్కడం మాత్రం గుర్తుగా నమ్మొద్దు. పెసర, ఉలవ సాగు మొదలైన ఎన్నో వందల ఏళ్ల తర్వాతే గింజ లావు పెరిగింది. చిన్నగింజ చూసి "అడవిది" అని పక్కన పెట్టేస్తే మన తొలి సేద్యమంతా చెత్తబుట్టలోకి పోతుంది.

తవ్వుగోల · 12
గింజలు బయటికి తీసే పని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను. పిజి విద్యార్థులు చాలామంది అడుగుతుంటారు.

పొరకొకటి చొప్పున 20 నుంచి 40 లీటర్ల మట్టి, బకెట్‌తో కొలిచి తీయాలి. కొలత రాయకపోతే లీటరుకి ఎన్ని గింజలో చెప్పలేరు, ఆపైన ఒక పొరని ఇంకో పొరతో పోల్చే దారి ఉండదు. మట్టిని నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడిమట్టిలో గింజ తేలదు.

నీళ్ల పీపాలో మట్టి కొద్దికొద్దిగా వదులుతూ చేత్తో మెల్లగా కలపాలి. మాడిన గింజ బొగ్గులాంటిది, తేలుతుంది. పొర్లే నీటి కింద పావు మిల్లీమీటరు కన్నున్న బట్ట పట్టాలి. బియ్యం జల్లెడ పెట్టి "ఏమీ రాలేదు" అంటారు కొందరు, అండుకొర్ర ఆ జల్లెడలోంచి దర్జాగా జారిపోతుంది. అడుగున దిగిన బరువు మట్టిని ఒక మిల్లీమీటరు జల్లెడ మీద కడగాలి. ఎముకలు, పూసలు, మునిగిన పప్పుబద్దలు అందులో ఉంటాయి.

నల్లరేగడి అయితే ముద్దలు కరగవు. బకెట్ నీళ్లలో గుప్పెడు వంటసోడా కలిపి నానబెడితే బంక విడుతుంది. రాత్రంతా వదిలేస్తే మాత్రం మాడిన పప్పుబద్దలు నానిపోయి చిదుగుతాయి.

బట్టలో పట్టినదాన్ని మూటకట్టి నీడలో వేలాడదీయాలి. ఎండలో పెడితే గబగబా ఆరి గింజ పగులుతుంది, పగిలిన గింజకి పేరు పెట్టలేం. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలొకటి, బయటొకటి. ఒక పొర కడిగాక పీపా, బట్ట పూర్తిగా కడగాలి. నీళ్లు తక్కువని అవే నీళ్లు వాడితే మొన్నటి గింజ ఇవాళ్టి పొరలో తేలుతుంది. పద్ధతి ఎంత నమ్మకమో తెలియాలంటే 50 మాడిన గసగసాలు లెక్కపెట్టి మట్టిలో కలపండి. తిరిగి ఎన్ని వచ్చాయో చూడండి.

మాడనివి దొరికితే పక్కన పెట్టేయండి. మన నేలల్లో మాడని గింజ అంతకాలం కుళ్లకుండా ఉండదు, చీమలో ఎలుకలో తెచ్చిందే అయ్యుంటుంది.

నల్లరేగడి · 13
తవ్వుగోల గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. రేగడి వేసవిలో నెర్రెలు విచ్చి, పై గింజ అడుగుల లోతుకి జారుతుంది. పక్కనున్న బొగ్గుకి కాలం కట్టి గింజకి అంటగడితే తప్పుతుంది. ఆ బొగ్గు కూడా ముసలి చెట్టుది కావచ్చు. గింజకే యాక్సిలరేటర్ పద్ధతిలో కార్బన్ కాలం కట్టాలి, కొన్ని మిల్లీగ్రాములు చాలు. కాకపోతే ఆ గింజ కాలిపోతుంది, కాబట్టి ముందే ఫోటోలు, కొలతలు తీసుకోవాలి.

మెట్టసేద్యం · 14
బూడిద దిబ్బల గురించి విన్నాను. ఉట్నూరులో, పాలవాయిలో. వాళ్లు పశువుల కాపర్లా, రైతులా?

తవ్వుగోల · 15
ఉట్నూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లాది, ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) దిబ్బని రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వారు. చుట్టూ గుంజలు పాతిన దొడ్డి, లోపల పేరుకున్న పేడ, దాన్ని తగలబెట్టిన బూడిద, దాని మీద మళ్లీ దొడ్డి. ఇలా పొర మీద పొర. పొరల మధ్య ఆవుల గిట్టల ముద్రలు అచ్చుపడి దొరికాయి. అంతకుముందు ఇది అగ్నిపర్వతపు బూడిదనీ, లోహం కరిగించిన చిట్టెమనీ తగువులాడినవాళ్లకి ఆ గిట్టలతో నోరు కట్టింది. కొన్నిచోట్ల వేడికి పేడ కరిగి గాజులా గట్టిపడింది. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో మొదలైన వ్యవహారం ఇది. కర్ణాటకలో బూదిహాళ్ దగ్గర కె. పద్దయ్య తవ్వినప్పుడు దిబ్బ పక్కనే ఇళ్లూ, పశువుల్ని కోసిన నేలా బయటపడ్డాయి. ఉత్త మందల మజిలీ కాదు, ఊరే.

మెట్టసేద్యం · 16
అంత పేడ కాల్చేశారంటే పొలం లేదనే కదా అర్థం? మెట్టరైతు ఎవడూ ఎరువుకి నిప్పు పెట్టడు.

ఉలవచారు · 17
అక్కడ తొందరపడకూడదండీ. ఉలవ, పెసర వేర్ల బుడిపెలతో నత్రజనిని తామే కట్టుకుంటాయి. కొత్తగా నరికిన పొదనేలలో చల్లుకుని, సారం తగ్గాక పక్కకి జరిగే సాగులో ఎరువు తోలే పని లేదు. పైగా తొలి దిబ్బల కాలపు పొరల్లో మట్టి కడిగి గింజ వెతికిన తవ్వకాలే తక్కువ. ఆల్చిన్ నాటికి ఆ పద్ధతి ఇక్కడ లేదు. వెతకనిచోట దొరకలేదని పొలం లేదనడం కుదరదు.

మెట్టసేద్యం · 18
సరే, కానీ క్రీ.పూ. 3000 నాటి దిబ్బల్లో గింజ చూపించేదాకా నేను వాళ్లని కాపర్లనే అంటాను.

నల్లరేగడి · 19
అనండి, తప్పులేదు. నేనైతే ముందు మందలు, వెనకే పొలాలు అంటాను. ఆవు ఇక్కడిది కాదు కదా. మూపురపు ఆవు మచ్చికైన చోటుకి గట్టి సాక్ష్యం బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్. అక్కడ అడుగు పొరల్లో అడవి జంతువుల ఎముకలే ఎక్కువ, పైకొచ్చేకొద్దీ ఆవులు, మేకలు, గొర్రెలు వాటి చోటు ఆక్రమిస్తాయి. తవ్వకంలో మూపురం దొరకదు కాబట్టి వెన్నుపూస చూస్తారు. మూపురపు జాతిలో భుజాల దగ్గరి వెన్నుపూస ముల్లు కొస రెండుగా చీలి ఉంటుంది.

మచ్చిక పశువు ఎముక చిన్నదవుతుందనే పాత సూత్రం వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఇరాన్‌లోని గంజ్ దారేలో పదివేల ఏళ్ల నాటి మేకల ఎముకల్ని మెలిండా జెడర్, బ్రయన్ హెస్సె 2000లో మళ్లీ కొలిచారు. మేకలు చిన్నవి కాలేదు. పోతుల్ని లేతగా ఉండగానే కోసి, ఆడవాటిని ఈనేందుకు ఉంచుకోవడంతో, పెద్ద వయసు ఎముకల్లో ఆడవే మిగిలి సగటు పడిపోయింది. అంటే మచ్చికకి తొలి గుర్తు ఎముక సైజు కాదు, ఏ వయసులో ఏ లింగాన్ని కోశారన్న లెక్క.

పాతరాయి · 20
చివరగా ఒకటి. మాడిన చిరుగింజలన్నీ ఒకలాగే ఉంటాయి కదా, అండుకొర్రనీ కొర్రనీ సామనీ ఎలా విడదీస్తారు? పాత రిపోర్టుల్లో "రాగి" అని ఉన్నవి నమ్మొచ్చా?

కంకిగరిక · 21
ముందు మొలక గుంట (గింజ మీద మొలక ఉండే పల్లం) పొడవు చూడండి. సామ, వరిగల్లో అది గింజ పొడవులో సగం దగ్గరే ఆగుతుంది. కొర్రజాతిలో మూడింట రెండు వంతులు దాటుతుంది. అండుకొర్రలో కూడా పొడవే, కాకపోతే వెడల్పుగా ఉంటుంది, గింజ కాస్త చదును. పొట్టు మిగిలి ఉంటే పని తేలిక: కొర్ర పొట్టు మీద సన్నటి బొడిపెలు, అండుకొర్ర పొట్టు మీద అడ్డంగా అలలలాంటి ముడతలు. ఇరవై నుంచి నలభై రెట్లు పెద్దది చేసే మైక్రోస్కోపు, పక్క నుంచి వాలుగా పడే లైటు ఉంటే ఇవి కనబడతాయి. వెలుగు నేరుగా పైనుంచి పడితే ముడతలు కనబడవు. వేడి ఎక్కువైన గింజ పేలాలా ఉబ్బుతుంది, దాన్ని "చిరుధాన్యం, జాతి తెలియదు" అని రాసి వదిలేయడమే మర్యాద.

పాత "రాగి" రిపోర్టుల్లో చాలావాటి మీద అనుమానాలున్నాయి. రాగిగింజ గుండ్రంగా ఉండి, పైన సన్నటి చుక్కల గరుకు ఉంటుంది, మొలక గుంట చిన్నది. రిపోర్టులో ఫోటో ఉండి ఆ గరుకు కనబడితే నమ్మండి. పేరు మాత్రమే రాసి ఫోటో గానీ కొలత గానీ లేకపోతే మీ జాబితాలో పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.